అమెరికాలో మా అబ్బాయికున్న ‘ఒక్కసారి నంబరు’ మనకీ దొరుకుతుందా?

ప్రశ్న: అమ్మా, మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాడు ఆన్‌లైన్‌లో ఏం కొన్నా అసలు కార్డు నంబరు ఇవ్వడట. యాప్‌లో అప్పటికప్పుడు వేరే నంబరు ఒకటి పుట్టించి, దాంతో కొని, పనైపోయాక ఆ నంబరును రద్దు చేసేస్తాడట. నేను మా బ్యాంకుకెళ్ళి అడిగితే కౌంటర్లో కుర్రాడు “అలాంటివి మన దగ్గర లేవు సార్” అని తర్వాత టోకెన్‌ని పిలిచేశాడు.

అడగడానికి కారణం ఉంది. మూడు వారాల కిందట మా ఆవిడ ఫేస్‌బుక్‌లో ప్రకటన చూసి పొందూరు ఖద్దరు చీర అంటే 1,299 రూపాయలకి నా క్రెడిట్ కార్డుతో ఆర్డరు పెట్టింది. చీర రాలేదు, ఇప్పుడా సైటే తెరుచుకోవడం లేదు. అబ్బాయి చెప్పిన నంబరు వాడి ఉంటే ఈ మోసం తప్పేదా? ఇంకొకటి, మనవరాలికి బొమ్మలు గీయడం నేర్పే విదేశీ సైటు ఒకటి వారం రోజులు ఉచితమంటూ కార్డు నంబరు అడుగుతోంది. ఇవ్వొచ్చా? పెన్షనూ, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో చాలా భాగమూ ఒకే ఖాతాలో ఉన్నాయి. దాని డెబిట్ కార్డు కూడా అక్కడక్కడా వాడుతున్నాను. గడువు తీరిన పాత కార్డులు బీరువాలో అలాగే ఉన్నాయి, వాటినేం చెయ్యాలో కూడా చెప్పమ్మా.

సమాధానం: బాబాయి గారూ, ముందు పిన్నిగారిని ఏమీ అనకండి. మీ అబ్బాయి నంబరు వాడినా ఆ 1,299 పోయేవే.

ఎందుకంటే అక్కడ ఎవరూ మీ నంబరు దొంగిలించలేదు. దుకాణం పేరుతో ఒకడు చీర చూపించాడు, ధర చెప్పాడు, మీరు కార్డు వివరాలిచ్చారు, ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా మీ ఇంట్లోవాళ్ళే కొట్టారు. వాడికి కావలసింది 1,299, అది చేరిపోయింది. ఆ డబ్బు అసలు నంబరు నుంచి వెళ్ళిందా, పది నిమిషాల్లో చచ్చిపోయే నంబరు నుంచి వెళ్ళిందా అన్నది వాడికి అనవసరం. ఒక్కసారి నంబరు ఆపేది వేరే దొంగతనాన్ని. మీరు నిజమైన దుకాణంలోనే కొన్నారనుకోండి, ఏడాది తర్వాత ఆ దుకాణం కంప్యూటర్లలోంచి ఎవరో కార్డు నంబర్లన్నీ ఎత్తుకుపోయి మీ పేరున ఇంకెక్కడో సరుకు కొంటారు. ఆ ఎత్తుకుపోయిన నంబరు అప్పటికే చెల్లనిదైతే వాడికి చేతికేమీ దక్కదు. అంతవరకే దాని పని. ఈ రెండు మోసాలనీ కలిపి చూడటం వల్లే చాలామంది ‘సేఫ్ నంబరు ఉందిగా’ అన్న ధీమాతో దొంగ దుకాణంలో కూడా నిశ్చింతగా కొంటున్నారు.

ఇక మీ అబ్బాయి వాడే నంబరు సంగతి. ఇది కొత్త సరుకేమీ కాదు. 2000లోనే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఇలాంటి సదుపాయం తెచ్చింది. డబ్లిన్‌లోని ఆర్బిస్కామ్ అనే కంపెనీ అదే కాలంలో ఈ పద్ధతిని బ్యాంకులకి అమ్మేది, తర్వాత దాన్ని మాస్టర్‌కార్డ్ కొనేసింది. పద్ధతి తేలికే. బ్యాంకు మీ అసలు ఖాతాకి ఇంకో పదహారంకెల నంబరు తగిలిస్తుంది. దుకాణానికి అది మామూలు కార్డులాగే కనిపిస్తుంది. ఏ నంబరు వెనక ఏ ఖాతా ఉందో బ్యాంకుకి మాత్రమే తెలుసు. ఇంత మొత్తం దాటకూడదు, ఫలానా తేదీ తర్వాత చెల్లకూడదు, ఒక్క దుకాణంలోనే పనిచేయాలి అని షరతులు పెట్టుకోవచ్చు.

అమెరికాలో దీని అవసరం ఎక్కువ. అక్కడ చాలా సైట్లలో నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ కొడితే చాలు, ఓటీపీ లేకుండానే డబ్బు వెళ్ళిపోతుంది. నంబరు దొరికినవాడికి దాదాపు అన్నీ దొరికినట్టే. అయినా అక్కడి చట్టం ప్రకారం క్రెడిట్ కార్డును వేరేవాళ్ళు వాడేస్తే కార్డుదారు మీద పడగలిగే భారం 50 డాలర్లకి మించదు. మీ వాడు నంబర్లు మార్చేది డబ్బు పోతుందన్న భయంతో కంటే, కార్డు రద్దయితే కరెంటు బిల్లు దగ్గర్నుంచి అన్నిచోట్లా కొత్త నంబరు ఎక్కించుకోవాల్సిన తలనొప్పి తప్పించుకోవడానికే అయ్యుంటుంది.

మన దగ్గర కథ వేరు. ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టేటప్పుడు నంబరుకి తోడు రెండో తనిఖీ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచే తప్పనిసరి చేసింది. మనం రోజూ చూసే ఓటీపీ ఆ నియమం పుణ్యమే. ఆ తర్వాత 2022 అక్టోబరు 1 నుంచి ఇంకో నియమం వచ్చింది. దుకాణాలు మన అసలు కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు. ‘ఈ కార్డును భద్రపరచాలా’ అని అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో అడిగినప్పుడు మీరు సరేనంటే, అక్కడ ఉండేది అసలు నంబరు కాదు, దానికి బదులుగా తయారుచేసిన టోకెన్. అది ఆ ఒక్క దుకాణానికే పనికొస్తుంది. సింహాచలంలో చెప్పులు అప్పగించి తీసుకున్న బిళ్ళతో కనకమహాలక్ష్మి గుడి దగ్గర చెప్పులు అడగలేం కదా, అలాగన్నమాట. మీ తెరమీద చివరి నాలుగంకెలు కనిపిస్తాయి, అవి గుర్తుకోసమే.

అంటే మీ అబ్బాయి చేత్తో చేసుకునే పనిలో సగం ఇక్కడ నియమమే చేసిపెడుతోంది. పేరున్న మన దేశపు సైటులో కొనడానికి ఒక్కసారి నంబరు లేదని మీరు బెంగపడక్కర్లేదు.

కౌంటర్లో కుర్రాడి తప్పు కూడా లేదు. ఒకప్పుడు హెచ్‌డీఎఫ్‌సీ వాళ్ళు నెట్‌సేఫ్ అనీ, స్టేట్ బ్యాంకు వాళ్ళు వర్చువల్ కార్డు అనీ సరిగ్గా మీ అబ్బాయి చెప్పినలాంటివే ఇచ్చేవారు. ఓటీపీ వచ్చాక వాటి అవసరం తగ్గింది, అడిగేవాళ్ళూ తగ్గారు. ఇప్పుడు మీ బ్యాంకు యాప్‌లో ‘వర్చువల్ కార్డు’ అన్న మాట కనబడితే సంబరపడిపోకండి. చాలాచోట్ల దానర్థం, ప్లాస్టిక్ కార్డు లేకుండా యాప్‌లోనే కనిపించే మామూలు కార్డని. నంబరు ఎప్పటికీ అదే. అది మీకు కావలసింది కాదు. ఆ నంబరును విడిగా చంపేస్తే అసలు కార్డు బతికే ఉంటుందా, దానికి విడిగా పరిమితి పెట్టుకోవచ్చా అని అడగండి. రెండింటికీ అవునంటేనే అది మీ అబ్బాయిలాంటి నంబరు.

నిజంగా ఆ నంబరు దొరికినా కొన్నిచోట్ల వాడకూడదు. హోటల్ గది బుక్ చేస్తే దిగేటప్పుడు ‘బుక్ చేసిన కార్డు చూపించండి’ అంటారు. చూపించడానికి కార్డేదీ?

మన కోటకి కన్నం ఎక్కడుందంటే విదేశీ సైట్ల దగ్గర. ఓటీపీ నియమం మన దేశంలో జరిగే లావాదేవీలకి. బయటి దేశపు సైటు ఓటీపీ అడగకుండానే మీ కార్డు మీద డబ్బు గీకేయగలదు. మీరు విశాఖలో కూర్చున్నా ఆ క్షణానికి మీ కార్డు అమెరికా కార్డుతో సమానం. అందుకే రిజర్వు బ్యాంకు 2020లో ఒక మంచి పని చేసింది. కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మొదట మూసే ఉంటాయి, కావాలంటే మనమే తెరుచుకోవాలి. దేనికెంత పరిమితో కూడా మనమే పెట్టుకోవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. మీ బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్తే ఈ మీటలు కనబడతాయి. మీ కార్డు పాతదైతే, లేదా ఎవరో సాయం చేస్తూ అన్నీ ఒకేసారి తెరిచేసి ఉంటే, విదేశీ మీట ఇప్పటికే తెరిచి ఉండొచ్చు. ఈ ఉత్తరం చదవడం ఆపి అదొక్కటీ చూసుకుని రండి. నేనెక్కడికీ పోను.

చూశారా? మనవరాలి బొమ్మల సైటు దగ్గరికి వద్దాం. ఒక్కసారి నంబరు నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే. ‘వారం ఉచితం’ అని కార్డు నంబరు తీసుకునేది, ఎనిమిదో రోజు మీరు మరిచిపోతారన్న నమ్మకంతోనే. నన్నడిగితే బొమ్మలు గీయడానికి ఆ సైటే కావాలా అన్నది మొదటి ప్రశ్న. పిల్ల పట్టుబడితే మాత్రం ఇలా చేయండి. క్రెడిట్ కార్డే వాడండి, డెబిట్ కార్డు వద్దు. విదేశీ మీట తెరిచి, పరిమితి ఆ సైటు నెల రుసుముకి కాస్త పైన పెట్టండి. వివరాలు కొట్టేయగానే మీట మూసేయండి. అదే రోజు సైటులోకి వెళ్ళి చందా రద్దు చేసేయండి. చాలా సైట్లు రద్దు చేశాక కూడా ఉచిత వారం పూర్తయ్యేదాకా వాడుకోనిస్తాయి. మీట మూసేసి ఊరుకుంటే చాలదా అంటారేమో. డబ్బు వెళ్ళదు గానీ చందా వాళ్ళ లెక్కలో బతికే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడో ఇంకో పనికి మీట తెరిచినప్పుడు వచ్చి పడుతుంది.

నెలనెలా కార్డు నుంచి కట్టయ్యే చందాలకి మన దగ్గర ఇంకో రక్షణ ఉంది. 2021 అక్టోబరు నుంచి, డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలముందు మీకు సందేశం రావాలి. 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ ఉండదు గానీ, ఆ సందేశం చూసి వద్దనే హక్కు మీది. ఇలాంటి సందేశాల్ని ప్రకటనలనుకుని తుడిచేస్తుంటారు చాలామంది. తుడిచేయకండి.

మీ ఉత్తరంలో నాకు గుబులు పుట్టించింది చీరా కాదు, బొమ్మల సైటూ కాదు. ‘ఒకే ఖాతాలో ఉన్నాయి’ అన్న మాట. ముప్ఫై ఏళ్ళకి పైగా ప్లాంటులో షిఫ్టులు చేసి సంపాదించినది, రోజూ కూరగాయలూ చార్జర్లూ కొనే కార్డు వెనక ఉంది. క్రెడిట్ కార్డు మీద మోసం జరిగితే ముందు పోయేది బ్యాంకు డబ్బు. మీరు తగువేసుకుంటూ కూర్చోవచ్చు. డెబిట్ కార్డు మీద జరిగితే పోయేది మీ డబ్బు, తగువు తేలేదాకా ఆ లోటుతో ఇల్లు గడపాల్సిందీ మీరే.

కాబట్టి ఆ డెబిట్ కార్డుకి ఆన్‌లైన్ మీటా, విదేశీ మీటా రెండూ మూసేయండి. ఏటీఎంలో పనిచేస్తే చాలు దానికి. ఇంకో చిన్న పొదుపు ఖాతా తెరవండి, వేరే బ్యాంకులో అయితే మరీ మంచిది. నెలకి ఐదు వేలో పది వేలో మీ ఖర్చును బట్టి అందులో వేసుకోండి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివన్నీ ఆ చిన్న ఖాతాకే కలపండి. పెద్ద ఖాతాను యూపీఐ నుంచి తీసేయండి. గాజువాక మార్కెట్లో కూరగాయలకి స్కాన్ చేసే ఫోనుకి మీ రిటైర్మెంటు డబ్బుతో సంబంధం ఎందుకు? మిగతా పెద్ద మొత్తంలో అవసరం లేనిది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. అయితే నెట్ బ్యాంకింగ్‌లోంచి ఒక్క నొక్కుతో డిపాజిట్ రద్దు చేసేయొచ్చని తెలుసుకోండి, ఆ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. ఈ ఏర్పాటు ఉంటే మీకు ఒక్కసారి నంబరు లేని లోటు కనిపించదు. ఎంత ఘోరం జరిగినా పోయేది ఆ నెల చిల్లర.

ఇప్పుడు దొంగ దుకాణాల గురించి. పొందూరు ఖద్దరంటే చేత్తో వడికిన నూలు, చేత్తో నేసిన బట్ట. ఆ పనికి పట్టే రోజులు లెక్కేసుకుంటే 1,299కి చీర రావడమేమిటన్న అనుమానం ధర దగ్గరే మొదలవ్వాలి. ఉత్తరాంధ్ర వాళ్ళం, మనకే ఆ అనుమానం రాకపోతే ఇంకెవరికొస్తుంది? అసలు విశాఖలో పాసింజరెక్కితే పొందూరు స్టేషన్లోనే దిగొచ్చు. పిన్నిగారికి ఆ ప్రయాణం బాకీ పడ్డారు మీరు. ప్రకటన చూసి కొనాల్సి వస్తే ఆ దుకాణం పేరు వేరుగా వెతికి చూడండి. చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్నాయా, ఆ ఫోనుకి చేస్తే మనిషి ఎత్తుతున్నాడా చూడండి. సైటు చిరునామా పక్కన తాళం గుర్తు ఉంది కదా అని నమ్మకండి. మీకూ ఆ సైటుకీ మధ్య మాటలు ఇంకొకరు వినలేరని మాత్రమే దానర్థం. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. ఆ తాళం దొంగలకి కూడా ఉచితంగానే దొరుకుతుంది.

కార్డు నంబరు కంటే ఓటీపీ విలువైనదని దొంగలకి మనకంటే బాగా తెలుసు. ఇప్పుడు చాలా మోసాలు దాని చుట్టూనే తిరుగుతున్నాయి. ‘మీ పార్సిల్ ఆగిపోయింది, చిరునామా సరిచేయడానికి ఐదు రూపాయలు కట్టండి’ అని లింకు పంపుతారు. ఐదు రూపాయలే కదా అని కార్డు వివరాలు కొడితే, వచ్చే ఓటీపీ యాభై వేలకి ఉంటుంది. అందుకే అంకెలు మాత్రం చూసి కొట్టేయకండి. ఆ సందేశంలో ఎంత మొత్తమో, ఎవరికో కూడా సాధారణంగా రాసి ఉంటుంది. పూర్తిగా చదివాకే కొట్టండి. ట్రాఫిక్ చలానా అనో, బ్యాంకు కేవైసీ అనో, పెళ్ళి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (అంటే ఫోనులో యాప్‌ని దించే ఫైలు) ఎక్కించుకుంటే మీరు ఓటీపీ చెప్పక్కర్లేదు, అదే చదివేసుకుని పంపించేస్తుంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది చుట్టాలు పంపినా తెరవకండి. ఎందుకంటే చుట్టాల ఫోను కూడా అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనక అచ్చేసిన నంబరుకే చేయండి. బ్యాంకు వెబ్‌సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకి మారాయి. అలా ముగియకుండా ‘మీ బ్యాంకు’ అని చెప్పుకునే సైటు కనబడితే ఆగండి.

ఎప్పుడైనా మీకు తెలియని లావాదేవీ కనిపిస్తే అది అర్ధరాత్రయినా సరే ముందు యాప్‌లో కార్డు మూసేయండి. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బు ఇంకా ఖాతాల మధ్య తిరుగుతుండగా పట్టుకోగలిగితేనే ఆపగలరు. రేపు బ్యాంకు తెరిచాక చూద్దాం అనుకుంటే అది చేతులు మారిపోతుంది. మన విశాఖ పోలీసు కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంది, అక్కడికీ వెళ్ళొచ్చు. బ్యాంకుకి మాత్రం రాతపూర్వకంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా వేరెక్కడో లోపం వల్ల డబ్బు పోయి, మీకు సందేశం వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత మీద పడుతుంది. ఆ పైన బ్యాంకు ఇష్టం. ఓటీపీ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలిపేదాకా పోయినదంతా మీదే. తెలిపిన తర్వాత పోయింది బ్యాంకుది. సిగ్గుపడి రెండ్రోజులు దాచిపెట్టడం వల్ల నష్టం ఎవరికో దీన్నిబట్టే తెలుస్తుంది కదా.

మీ 1,299 మీద ఆశ ఇంకా ఉంది. అది ఇప్పుడు చెప్పిన ‘భారం సున్నా’ నియమం కిందికి రాదు, ఎందుకంటే ఓటీపీ కొట్టింది మీరే. కానీ మీరు కట్టింది క్రెడిట్ కార్డుతో, సరుకు రాలేదు. కార్డు బ్యాంకుకి ‘డిస్ప్యూట్’ పెడుతున్నాను, డబ్బు కట్టాను, వస్తువు అందలేదు అని రాయండి. ఇలాంటివాటికి గడువులుంటాయి, ఈ వారమే పంపండి. ఆర్డరు సందేశం, డబ్బు కట్టిన రసీదు, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ ఏదైనా మిగిలి ఉంటే జతచేయండి. పిన్నిగారి ఫోనులో ఫేస్‌బుక్ ప్రకటన దొరక్కపోయినా, ఆ సైటు పంపిన మెయిలో ఎస్ఎమ్మెస్సో ఉండే ఉంటుంది. 1930కి కూడా చెప్పండి. చిన్న మొత్తమని ఊరుకోకండి, అదే ఖాతాలోకి ఇంకెందరి 1,299లు వెళ్ళాయో. ముప్ఫై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఖర్చేమీ ఉండదు.

పాత కార్డుల గురించి అడిగారు. గడువు తీరినా అలాగే చెత్తలో వేయకండి. కొన్ని బ్యాంకులు కొత్త కార్డుకి పాత నంబరే ఇచ్చి గడువు తేదీ మాత్రం మారుస్తాయి. చిప్పు మీదుగా ఒకసారి, నల్ల పట్టీ మీదుగా ఒకసారి, నంబరు మధ్యలోంచి ఒకసారి కత్తిరించి, ముక్కలు రెండు వేర్వేరు రోజుల చెత్తలో వేసేయండి. చిప్పు గట్టిగా ఉంటుంది, వంటింటి కత్తెర మొద్దుబారిపోతుంది. పిన్నిగారిని అడక్కుండా అది తీయకండి.